మంచం పక్కన చోటు

ప్లీడరుగారి భార్య కూడా కాదనే అంది.

"మీరేం అనుకోకండి జానకిగారూ. మా అమ్మాయి పాట పాడుతుంది. కోలాటం వెయ్యమన్నా వేస్తుంది. చచ్చిపోయే పిల్ల వేషం మాత్రం వద్దు. మా అత్తగారి చెవిన పడిందంటే నన్ను గుమ్మంలో నిలబెట్టి కడిగేస్తుంది" అని, చేతిలో రెండు వక్కపలుకులు పెట్టి, అరుగు దాకా వచ్చి మరీ సాగనంపింది.

జానకి గొడుగు విప్పుకుని గవర్నరుపేట ఎండలో పడి బడికి తిరిగి వచ్చింది. ఇది మూడో ఇల్లు. మొదటి ఇంటివాళ్లు పిల్లకు పరీక్షలన్నారు. రెండో ఇంటావిడ నవ్వి మాట మార్చేసింది. ఊళ్లో పెద్దలంతా కలిసి పెద్దాసుపత్రి ఆవరణలో పిల్లలకు వేరే వార్డు కట్టించాలని సంకల్పించారు. ప్రతి బడీ తన వంతు చందా పోగుచెయ్యాలి. మగపిల్లల బళ్లు సైకిలు పందేలూ సర్కసు ఫీట్లూ పెట్టుకున్నాయి. ఈ ఆడపిల్లల బడి మాత్రం నాటకం వేస్తానని ఒప్పుకుంది. ఆ నాటకం రాసింది జానకి.

పెద్ద కథేమీ కాదు. ఒక తల్లి తన జబ్బు బిడ్డను ఆసుపత్రిలో చేరుస్తుంది. సాయంత్రం గంట కొడతారు. చూడ వచ్చినవాళ్లంతా వెళ్లిపోవాలి గనుక తల్లి కూడా వెళ్లిపోతుంది. తెల్లవారి జావ కాచుకుని వచ్చేసరికి నర్సు బిడ్డ మీద దుప్పటి కప్పుతూ ఉంటుంది. ఉపాధ్యాయినుల గదిలో జానకి దీన్ని చదివి వినిపించిన రోజున లెక్కల పంతులమ్మ సైతం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"తల్లి వేషానికి వార్డు కమిటీ ప్రెసిడెంటు సంజీవరావుగారి అమ్మాయి రమాసుందరి ఉంది, ఆ బాధ తీరింది" అంది హెడ్మిస్ట్రెస్ హనుమాయమ్మగారు, జానకి ముఖం చూసి సంగతి గ్రహించి. "ఆ పడుకునే పిల్లకే గదా ఇంత యాతన. మూడో తరగతిలో ఆ మగ్గాలవాళ్ల పిల్ల లేదూ, మాణిక్యం? పాలిపోయి అచ్చం జబ్బుమనిషిలాగే ఉంటుంది. దాన్ని తీసుకోండి. వాళ్లమ్మ కాదనదు."

వాళ్లమ్మ కాదనదు. ఆ మాట జానకికి ఎక్కడో గుచ్చుకుంది. కానీ నాటకానికి ఇంకా వారం కూడా లేదు. గొడుగు మూలన పెట్టి, "సరేనండి" అంది.

పటమటలో మాణిక్యం వాళ్ల ఇల్లు రోడ్డుకు దిగువగా ఉంటుంది. మంగళగిరి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ నాలుగైదు ఉన్నాయి. జానకి వెళ్లేసరికి భావనారాయణ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. అతని భార్య రావమ్మ రాట్నం ముందు కూచుని నూలు కండెలు చుడుతోంది. పంతులమ్మను చూడగానే రాట్నం ఆపి, చాప దులిపి వేసింది. మాణిక్యం తల్లి వీపు వెనక దాక్కుని జడ కొస నోట్లో పెట్టుకుంది.

"మా మాణిక్యానికి నాటకంలో వేషమా!" అంది రావమ్మ, నమ్మలేనట్టు. "ఏం వేషమండీ?"

"జబ్బు పిల్ల వేషం. ఆసుపత్రిలో మంచం మీద పడుకుని ఉండాలి."

"మాటలేం లేవా టీచరుగారూ?" అంది మాణిక్యం వీపు వెనక నుంచి. "నాకు పద్యాలొచ్చు."

"ఒకటి రెండు మాటలుంటాయి. అమ్మా అని పిలవాలి."

"అది నేర్పాలా ఏంటండీ, పొద్దస్తమానం అదే గదా పిలుపు" అని నవ్వింది రావమ్మ. తర్వాత నవ్వు తగ్గించుకుని, "ఆ కట్టే ఆసుపత్రిలో పిల్లల పక్కన తల్లుల్ని ఉండనిస్తారటగా? పాలు పోసే ఆవిడ చెప్పింది. నిజమేనా పంతులమ్మగారూ?"

"నిజమే. మంచానికో తల్లి. రాత్రింబవళ్లు ఉండొచ్చు. అందుకోసమే ఇదంతా."

అలా చెబుతూ జానకి మగ్గం వైపు ముఖం తిప్పుకుంది. రావమ్మ ఒక్కసారి ఆమె వంక చూసింది.

"మరి కథలో తర్వాత ఏమవుతుందండీ?"

జానకి చాప అంచు సర్దింది. చెప్పడానికి నోరు తెరిచింది. ఎదురుగా ఆ పిల్ల జడ వదిలేసి, కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది. "తర్వాత అందరూ కలిసి ఆసుపత్రి కట్టిస్తారు" అంది.

మంచం మీదకు కొత్త దుప్పటి కావాలన్న మాట కూడా వచ్చింది. బజారులో గుడ్డ దొరికే రోజులు కావు. యుద్ధం ముగిసినా కంట్రోలు ముగియలేదు. నేతవాళ్లకే కార్డు మీద ఇచ్చే నూలు చాలక సగం రోజులు మగ్గాలు పడుకుంటున్నాయి. అయినా భావనారాయణ లేచి, మగ్గం మీద అప్పటికి దిగిన తెల్ల గుడ్డను కొలిచి కోశాడు. మడత పెట్టేటప్పుడు పోగులేమైనా లేచాయేమోనని అరచేత్తో మెల్లిగా రాశాడు.

"తీసుకోండమ్మా. మా పిల్ల వేషానికి మా గుడ్డే బాగుంటుంది" అన్నాడు.

జానకి అది పుచ్చుకుని గొడుగు కింద చంకన పెట్టుకుంది.

ఇంట్లో ఆమె రాత్రుళ్లు నాటకం మాటలు సరిచేసుకుంటూ ఉంటే భర్త అచ్యుతరామారావు ఏమీ అడిగేవాడు కాదు. కాలువల ఆఫీసులో గుమాస్తా ఆయన. లాంతరు ఆమె వైపు జరిపి, తాను అరుగు మీదకు వెళ్లి కూచునేవాడు. బాబు పోయి మూడేళ్లవుతోంది. ఆ పేరు ఆ ఇంట్లో ఇద్దరూ ఎత్తరు.

శనివారం మధ్యాహ్నం బడి దొడ్లో తాటాకు పందిరి కింద మొదటి ఆట. ఒక వైపు బెంచీల మీద మగవాళ్లు, ఇంకో వైపు చాపల మీద ఆడవాళ్లు. అయిదో తరగతి పిల్లలు మూతకు చిల్లులు పొడిచిన చందా డబ్బాలు పట్టుకుని తిరుగుతున్నారు. రావమ్మ ఉతికిన చీర కట్టుకుని, పటమట నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, చాపల చివర వెదురు గుంజ దగ్గర సర్దుకుంది.

జానకి పక్క తెర చాటున కాగితాలు పట్టుకుని నిలబడింది. రమాసుందరి బాగా చేసింది. గంట మోగినప్పుడు మంచం వదల్లేక, వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయింది. మాణిక్యం చెప్పినట్టే మూడు సార్లు "అమ్మా" అని పిలిచి, చెప్పినట్టే తల వాల్చింది. "నిద్రపోయినట్టు ఉండాలి, నవ్వకూడదు, ఊపిరి గట్టిగా పీల్చకూడదు" అని జానకే నేర్పింది. పైతరగతి పిల్ల ఒకతి నర్సు టోపీతో వచ్చి, నాడి చూసి, కాళ్ల దగ్గర మడత పెట్టి ఉన్న తెల్లగుడ్డ విప్పి, పాదాల మీద నుంచి, రొమ్ము మీద నుంచి, ముఖం మీదికి లాగింది.

పందిరంతా గుక్కపట్టినట్టు అయిపోయింది. ఎక్కడో ఒక ముసలావిడ "అయ్యో" అంది.

అప్పుడు చాపల చివర నుంచి రావమ్మ లేచింది. ఎవరినీ తోసుకోలేదు, కేకలు పెట్టలేదు. కూచున్న వాళ్ల మధ్య కాళ్లకు చోటు వెతుక్కుంటూ వచ్చి, బల్లలు పేర్చి కట్టిన వేదిక ఎక్కింది. పిల్ల ముఖం మీది గుడ్డ తీసి కింద పడేసింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చూసి, ఎనిమిదేళ్ల పిల్లను చంటిదాన్ని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుంది.

"అయిపోయిందా అమ్మా?" అంది మాణిక్యం నిద్రమొహంతో.

రావమ్మ మెట్లు దిగి, జనం మధ్య నుంచి నడిచి, గేటు దాటి వెళ్లిపోయింది. జావగిన్నె పట్టుకుని ఇవతలకు రాబోయిన రమాసుందరి ఎటు పోవాలో తెలియక తెర దగ్గరే నిలబడిపోయింది.

పందిరి ఒక్కసారిగా ఏడ్చింది. బెంచీల మీది మగవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకావిడ వేలి ఉంగరం లాగి డబ్బా చిల్లులో పట్టక, మూత తీయించి మరీ వేసింది. సంజీవరావుగారు ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకున్నారు. జానకి చేతిలో కాగితాలు నలిగిపోయాయి.

హనుమాయమ్మగారు తెర వెనక్కి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత బాగా కుదిర్చారు! నాకు ముందు ఒక్కముక్క చెప్పలేదేం? ఆ తల్లి ఎవరు, ఏ డ్రామా కంపెనీ మనిషి?"

"నేను కుదర్చలేదండి. ఆవిడ మాణిక్యం తల్లి."

హనుమాయమ్మగారు ఆమె చేతులు వదిలేసింది. తర్వాత, "అయితే మరీ మంచిదే" అంది. "సోమవారం ఆటకి బందరు నుంచి కలెక్టరుగారి భార్య వస్తున్నారు. ఆవిణ్ణే మళ్లీ రమ్మనండి. ఇవ్వాళ ఎలా చేసిందో అలాగే చెయ్యమనండి. చీర కొంచెం మంచిది మనమే ఇద్దాం."

జానకి గేటు వైపు చూసింది. "కన్నతల్లండీ ఆవిడ" అంది.

"అందుకే గదా అంత బాగా వచ్చింది! మనకోసమా జానకిగారూ? పిల్లల వార్డు కోసం. మీకంటే తెలిసినవాళ్లెవరు?"

జానకి నలిగిన కాగితాలు సాపు చేసి మడత పెట్టింది.

ఆదివారం పొద్దున్నే ఆమె పటమట వెళ్లింది. వీధి పొడుగునా పడుగు సాగదీసి కట్టి ఉంది. తెల్లటి దారాలకు గంజి పట్టించి, అది ఆరేలోగా కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. భావనారాయణ ఒక పక్క, రావమ్మ ఒక పక్క, పొడుగాటి కుంచె చెరో కొనా పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు వస్తున్నారు. భావనారాయణ ఆమెను చూశాడు గాని తల తిప్పుకున్నాడు.

"పీనుగ వేషాలకి మా పేటే దొరికిందా తల్లీ?" అంది పక్కింటి అరుగు మీద నుంచి ఒక ముసలమ్మ. "మీ పేటలో పిల్లలు లేరూ? గొడ్డుపోయిందా ఊరంతా?"

"ఊరుకో పెద్దమ్మా" అంది రావమ్మ.

పని ఆగేది కాదు. ఆగితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకని జానకి పడుగు వెంటే, రావమ్మ పక్కనే నడిచింది. కొస దాకా వెళ్లారు. మళ్లీ తిరిగారు.

"పిల్ల ఎలా ఉంది?"

"బాగానే ఉంది. దిష్టి తీసి, తలంటి పోశాను. రాత్రి రెండు సార్లు లేపి చూశాను. దానికి కోపం వచ్చింది."

ఇంకొంచెం దూరం నడిచారు.

"జబ్బు పిల్ల అన్నారు పంతులమ్మగారూ" అంది రావమ్మ, కుంచె మీద నుంచి చూపు తియ్యకుండా. "ఆ పైది చెప్పలేదు."

"చెబితే పంపవేమోనని..."

"పంపేదాన్ని కాదు. ఆ పెద్దింటివాళ్లు కూడా పంపలేదట గదా. పనిమనుషులు చెప్పుకుంటుంటే విన్నాను. వాళ్లకి చెప్పి అడిగారు. నాకు చెప్పకుండా అడిగారు."

జానకి ముఖం మీద ఎవరో చేత్తో కొట్టినట్టయింది. మూడిళ్లకు గొడుగు వేసుకుని తిరిగి, ఇది ఇదీ కథ అని మొదటి నుంచి చివరి దాకా చెప్పింది తనే. ఆ ఇళ్లలో దాచాలన్న ఆలోచనే రాలేదు.

"తప్పయింది రావమ్మా."

రావమ్మ తెగిన పోగొకటి కనపడితే కుంచె ఆపి, రెండు కొసలూ పట్టి వేళ్లతో మెలిపెట్టి అతికింది. అప్పుడు మొదటిసారి జానకి ముఖంలోకి చూసింది.

"మీ బాబు సంగతి తెలుసండి. మీకు ఆ గుడ్డ కప్పే ముచ్చటెందుకు పట్టిందో తెలీక అడుగుతున్నాను. మీ బాబుకి ఎవరు కప్పారు?"

"తెలీదు" అంది జానకి.

అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. "వాడికి ఆరేళ్లు నిండాయి. ఆడవాళ్ల వార్డులో పనికిరాడన్నారు. మగవాళ్ల వార్డులోకి నన్ను రానివ్వరు. సాయంత్రం గంటసేపు వరండాలోకి తీసుకొచ్చి చూపించేవాళ్లు. రాత్రుళ్లు ఆయనే ఉండేవారు. ఆ తెల్లవారుజామున నేను ఇంట్లో జావ కాస్తున్నాను. కబురొచ్చింది. అమ్మలక్కలు నన్ను కదలనివ్వలేదు. అటునుంచి అటే తీసుకువెళ్లారు."

రావమ్మ కుంచె కదిలింది. గంజి ఆరిపోతోంది మరి.

"చూడలేదా అయితే" అంది, నడుస్తూనే. కాసేపటికి మళ్లీ, "అదా" అంది.

సోమవారం సంగతి అడగడానికే జానకి వచ్చింది. హనుమాయమ్మగారు ఇచ్చిన పట్టంచు చీర సంచిలో ఉంది. పడుగు కొస దాకా ఇంకోసారి నడిచి, సంచి విప్పకుండానే తిరిగి వచ్చేసింది.

ఆ సాయంత్రమే హెడ్మిస్ట్రెస్‌తో చెప్పింది, మాణిక్యాన్ని మళ్లీ పడుకోబెట్టననీ, ఆఖరి రంగం తీసేస్తున్నాననీ.

"మంచం ఖాళీగా పెడతారా కలెక్టరుగారి భార్య ముందు? మీ ఇష్టం. వార్డుకి ఒక గోడ తక్కువైతే ఆ పుణ్యం మీదే."

జానకికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గోడ తక్కువైతే అన్న మాట నిజమే. ఆ గోడ కోసం తను ఏమైనా చేస్తాననుకుంది ఇన్నాళ్లూ.

సోమవారం ఇంకా జనం రాకముందే, బడి వెనక నూతి దగ్గర రావమ్మ నిలబడి ఉంది. పక్కన మాణిక్యం. తలకు నూనె రాసి, బిగించి జడ వేసి, కనకాంబరాలు పెట్టి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"దీని గోల పడలేక తీసుకొచ్చానండి" అంది రావమ్మ. "నాటకం మధ్యలో ఎత్తుకుపోయి పరువు తీశానట. 'అమ్మకూచి, అమ్మకూచి' అని దీని జట్టు పిల్లలు ఏడిపించారట. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు."

"నేను కళ్లు మూసుకుని బాగా చేశాను గదా టీచరుగారూ?" అంది మాణిక్యం వెక్కుతూ.

"చాలా బాగా చేశావమ్మా."

"పడుకుంటుంది, పడుకోనివ్వండి" అంది రావమ్మ. "గుడ్డ మాత్రం కప్పకూడదు. నేను పక్కన కూచుంటాను. నన్ను అక్కణ్ణించి లేపకూడదు. ఒప్పుకుంటేనే."

జానకి తల ఊపింది.

ఆట మొదలయింది. కలెక్టరుగారి భార్య ముందు వరుస కుర్చీలో విసనకర్రతో విసురుకుంటూ కూచుంది. రమాసుందరి తన మాటలన్నీ చెప్పింది. మంచం పక్కన, కింద, రావమ్మ కాళ్లు ముడుచుకుని కూచుంది. ఆమె ఎవరో, కథలో ఏమవుతుందో చూసేవాళ్లకు అంతుపట్టలేదు. ఆయా అనుకున్నారు కొందరు. గంట మోగింది. రమాసుందరి వెనక్కి చూసుకుంటూ వెళ్లింది. నర్సు వేషం పిల్లకు ఏం చెయ్యాలో తోచక, నేర్చుకున్న మాటే అనేసింది.

"గంట కొట్టారు. అందరూ వెళ్లాలి. లేవండి."

"కొట్టుకోనీవమ్మా" అంది రావమ్మ.

పందిట్లో నవ్వులు. నర్సు తడబడి లోపలికి పారిపోయింది. వేదిక మీద ఇద్దరే మిగిలారు. ఇక చెప్పవలసిన మాటలు జానకి కాగితాల్లో లేవు. రావమ్మ ఎవరినీ చూడలేదు. పిల్ల పరికిణీ మోకాళ్ల పైకి పోతే కిందికి లాగింది. ఈగ వాలితే కొంగుతో తోలింది. కనకాంబరాలు నలుగుతాయని జడ పక్కకు తీసింది. అన్నం తినక సొమ్మసిల్లి ఉందేమో, మాణిక్యం నిజంగానే నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. రావమ్మ మంచంకోడుకు చేరగిలి, పిల్ల అరికాలు మీద చెయ్యి వేసి, అలా కూచుండిపోయింది.

అంతే. ఇంకేమీ జరగలేదు. వెనక బెంచీల్లో దగ్గులు మొదలయ్యాయి. "అయిపోయిందా?" అని కలెక్టరుగారి భార్య పక్కావిడను అడగడం జానకి విన్నది. తెర దింపవలసిన తాడు జానకి చేతికి అందేంత దూరంలోనే ఉంది. లాగాలని తెలుసు. కానీ చెయ్యి రాలేదు. చూసినకొద్దీ ఇంకా చూడాలనిపించింది. చివరికి హనుమాయమ్మగారే వచ్చి విసురుగా తాడు లాగింది.

చప్పట్లు మర్యాదకు కొట్టారు. డబ్బాలు తేలిగ్గానే తిరిగి వచ్చాయి. "శనివారం చూసినవాళ్లు అదృష్టవంతులు" అన్నారెవరో. హనుమాయమ్మగారు జానకితో మాట్లాడకుండా అతిథుల వెంట వెళ్లిపోయింది. రావమ్మ నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని, "వస్తానండి" అని, పటమట దారి పట్టింది.

జానకి కాగితాలు సంచిలో పెట్టుకుని గేటు దగ్గరకు వచ్చేసరికి అక్కడ అచ్యుతరామారావు నిలబడి ఉన్నాడు. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చేతిలో భోజనం డబ్బా అలాగే ఉంది.

"మీరెప్పుడు వచ్చారు?"

"మొదట్లోనే. వెనకాల నుంచున్నాను."

ఇద్దరూ కాలువగట్టు మీద ఇంటిదారి పట్టారు. పొద్దు వాలుతోంది. ఇసుక పడవ ఒకటి ఎదురుగా వస్తోంది. ఒడ్డున ఇద్దరు మనుషులు భుజాలకు తాడు వేసుకుని వంగి లాగుతున్నారు. వాళ్లకు దారి ఇవ్వడానికి భార్యాభర్తలు పక్కకు తప్పుకుని నిలబడ్డారు. తాడు దాటిపోయాక కూడా ఆయన కదల్లేదు.

"ఆ పిల్ల చేత 'అమ్మా, అమ్మా' అని పిలిపించావు నాటకంలో" అన్నాడు.

"అవును."

"వాడు పిలవలేదు జానకీ."

ఆమె సంచిని రెండు చేతులతో పట్టుకుంది. మూడేళ్లలో ఆయన నోట వాడి మాట రావడం ఇదే మొదటిసారి.

"నీళ్లడిగాడు. ఇచ్చాను. రెండు గుక్కలు తాగాడు. తర్వాత, అమ్మ బయట ఉందా నాన్నా అన్నాడు. ఉందిరా, మెట్ల మీదే కూచుంది అన్నాను."

కాలువలో నీళ్లు పడవ పోయిన చోట ఇంకా ఊగుతున్నాయి.

"నమ్మాడా?" అంది జానకి.

"తలుపు వైపు తిరిగి పడుకున్నాడు."

"పిలవమనలేదా?"

"పిలవనా అని నేనే అడిగాను. ఏమని అడిగానో, ఎక్కణ్ణించి పిలుస్తాననుకున్నానో." ఆయన డబ్బా చెయ్యి మార్చుకున్నాడు. "వద్దన్నాడు. అమ్మ నిద్రపోతుందేమో, లేపొద్దన్నాడు."

జానకి ఆయన చేతిలోని డబ్బా తీసుకుని తన సంచిలో పెట్టుకుంది. ఇద్దరూ మళ్లీ నడిచారు. ఇంటికి తిరగవలసిన మలుపు వచ్చింది, వెనకబడింది. ఇద్దరిలో ఒక్కరూ అది గమనించలేదు.